వెబ్‌సైట్ ఉన్నట్టుండి తెల్ల పేజీగా ఎందుకు మారుతుంది?

నిన్నటిదాకా బాగానే తెరుచుకున్న వెబ్‌సైట్ ఇవాళ తెల్లగా వస్తోంది. అడ్రస్ సరిగ్గానే ఉంది, లోడ్ అవుతున్నట్టు తిరిగే గుర్తు కూడా తిరిగి ఆగిపోయింది. పేజీలో మాత్రం ఒక్క అక్షరం లేదు. తప్పు జరిగిందని చెప్పే ముక్క కూడా లేదు. అసలు టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

ఇలాంటప్పుడు సలహాలకు కొదవ ఉండదు. కాష్, అంటే దాచిపెట్టిన పాత కాపీలు, క్లియర్ చెయ్యమని ఒకరంటారు, సైట్‌కు అదనంగా తగిలించిన ప్లగిన్లన్నీ ఆపెయ్యమని ఇంకొకరు, సర్వర్‌లో సైట్‌ను నడిపే పీహెచ్‌పీ భాష వెర్షన్ మార్చమని మరొకరు. ప్రతి సలహా ఎక్కడో ఒకచోట ఎవరికో పనిచేసిందే. కానీ ఒకరి సైట్‌ను లేపిన సలహా మరొకరి సైట్‌కు అక్కరకు రాదు. తెల్ల పేజీ ఒకే లోపం కాకపోవడమే దీనికి కారణం. ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని డజను లోపాలు బయటికి అచ్చం ఒకేలా కనిపిస్తాయి. అందుకే మందు వెతికే ముందు, పేజీ మన దాకా రావడంలో ఎక్కడ ఆగిందో చూడడం మేలు.

తెల్ల పేజీ వచ్చిందంటే ఏవేవి బాగున్నట్టు?

అడ్రస్ కొట్టగానే బ్రౌజర్ ముందుగా ఆ పేరుకు చెందిన ఐపీ అడ్రస్, అంటే సర్వర్ నంబరు, ఏదో కనుక్కుంటుంది. ఇది డీఎన్ఎస్ పని. తర్వాత ఆ సర్వర్‌తో కనెక్షన్ కలుపుతుంది, సర్టిఫికెట్ చూసి నిజమైన సైటే అని నిర్ధారించుకుంటుంది, పేజీ అడుగుతుంది. సర్వర్ జవాబు పంపుతుంది. ఆ జవాబులో ముందు పని ఎలా జరిగిందో చెప్పే మూడంకెల స్టేటస్ కోడ్, దాని వెనక పేజీలో ఏముందో చెప్పే హెచ్‌టీఎంఎల్ ఉంటాయి. చివరగా బ్రౌజర్ ఆ హెచ్‌టీఎంఎల్ చదివి, అందులో చెప్పిన సీఎస్ఎస్ (పేజీ అలంకరణ), జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే కోడ్) ఫైళ్లు తెచ్చుకుని పేజీని గీస్తుంది.

ఈ దారిలో మొదటి మూడు మెట్ల దగ్గర ఏది విరిగినా బ్రౌజర్ ఊరుకోదు. సర్వర్ అడ్రస్ దొరకలేదనో, కనెక్షన్ కుదరలేదనో, సర్టిఫికెట్ గడువు అయిపోయిందనో తన సొంత పేజీ ఒకటి చూపిస్తుంది. సర్వర్‌కూ చూసేవాళ్లకూ మధ్యలో ఉండి సైట్ కాపీలు అందించే సీడీఎన్‌లు కూడా అంతే. 2021 జూన్ 8న ఫాస్ట్లీ అనే సీడీఎన్ నెట్‌వర్క్ దెబ్బతిని పెద్ద పెద్ద సైట్లు ఆగిపోయినప్పుడు జనానికి కనిపించింది తెల్ల పేజీ కాదు, 503 ఎర్రర్.

కాబట్టి పేజీ నిజంగానే తెల్లగా ఉందంటే డీఎన్ఎస్ బాగున్నట్టు, కనెక్షన్ కుదిరినట్టు, మెయిన్ సైట్ సర్టిఫికెట్ చెల్లినట్టు, ఏదో ఒక జవాబు వచ్చినట్టు. ‘సైట్ డౌన్ అయింది’ అనే మాట ఇక్కడ సరిపోదు. సైట్ లేచే ఉంది, అయితే చెప్పాల్సింది చెప్పడం లేదు. మిగిలిన అనుమానం రెండే చోట్ల: సర్వర్ ఖాళీ జవాబు పంపి ఉండాలి, లేదా నిండుగా వచ్చిన జవాబు బ్రౌజర్‌లోకి వచ్చాక ఖాళీ అయి ఉండాలి.

సర్వర్ ఖాళీనా, బ్రౌజర్ ఖాళీనా

ఈ రెండింటినీ విడదీసేది ‘వ్యూ సోర్స్’. పేజీ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూలో ఉంటుంది. సర్వర్ నుంచి వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను అది ఉన్నదున్నట్టు చూపిస్తుంది. అక్కడా ఏమీ లేకపోతే తప్పు సర్వర్ వైపు ఉంది. అక్కడ నాలుగు వందల లైన్ల కోడ్ కనిపిస్తూ, పేజీ మాత్రం తెల్లగా ఉంటే తప్పు బ్రౌజర్‌లో నడిచే కోడ్‌ది.

చాలామంది తప్పుదారి పట్టేది సరిగ్గా ఇక్కడే. వ్యూ సోర్స్‌కు బదులు అదే మెనూలోని ‘ఇన్‌స్పెక్ట్’ తెరుస్తారు. అందులో హెచ్‌టీఎంఎల్, హెడ్, బాడీ అనే ట్యాగులు కనిపిస్తాయి. ‘సర్వర్ ఏదో పంపింది కదా’ అనుకుని బ్రౌజర్ వైపు వెతకడం మొదలుపెడతారు. నిజానికి సర్వర్ సున్నా బైట్లు పంపినా బ్రౌజర్ ఆ మూడు ట్యాగులనూ తానే తయారు చేసుకుంటుంది. ఇన్‌స్పెక్ట్ చూపించేది బ్రౌజర్ ప్రస్తుతం తన దగ్గర కట్టుకున్న రూపాన్ని, వచ్చిన సరుకును కాదు. ఈ తేడా తెలియక గంటల సమయం గాలికి పోతుంది.

ఇంకో చిక్కుంది. సర్వర్ 500 అనే కోడ్‌తో ఖాళీ జవాబు పంపితే క్రోమ్ దాన్ని తెల్లగా వదిలెయ్యదు, ‘ఈ పేజీ పనిచేయడం లేదు’ అని తన సొంత నోటీసు చూపిస్తుంది. అదే జవాబుకు తెల్ల పేజీ చూపించిన బ్రౌజర్లూ ఉన్నాయి. అంటే లోపం ఒక్కటే అయినా ఇద్దరు మనుషులు రెండు రకాలుగా చెప్పొచ్చు. అందుకని మనిషి కళ్లకు ఏం కనిపించిందో అడగడం కన్నా బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో మొదటి వరుసలో ఏ స్టేటస్ కోడ్ ఉంది, ఎన్ని బైట్లు వచ్చాయి అని అడగడం నయం.

200 కోడ్, సున్నా బైట్లు అని ఉంటే ‘అంతా సవ్యంగా ఉంది, చెప్పడానికే ఏమీ లేదు’ అని సర్వర్ అంటున్నట్టు. ఫైల్ అప్‌లోడ్ సగంలో ఆగిపోయి సున్నా బైట్ల ఫైల్ మిగిలినప్పుడో, డిస్క్ నిండిపోయి కాష్ ప్లగిన్ ఖాళీ ఫైల్ రాసిపెట్టినప్పుడో ఇలా వస్తుంది. 500 ఉంటే కోడ్ నడుస్తూ నడుస్తూ చచ్చిపోయిందని అర్థం. ఈ రెండోదే తరచుగా ఎదురయ్యేది.

సర్వర్ నోరు మెదపకపోవడానికి కారణం

పీహెచ్‌పీతో నడిచే సైట్లలో, అంటే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌తో కట్టినవన్నీ కలిపి, కోడ్‌లో ప్రాణాంతకమైన తప్పు జరిగితే ఆ క్షణాన ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఇలాంటి తప్పును ఫేటల్ ఎర్రర్ అంటారు. ఆ తప్పేంటో పీహెచ్‌పీకి బాగా తెలుసు. ఏ ఫైల్, ఎన్నో లైన్, ఏం జరిగింది అన్నీ చెప్పగలదు. ఎవరికి చెప్పాలన్నది మాత్రం రెండు సెట్టింగుల మీద ఆధారపడి ఉంటుంది. డిస్‌ప్లే ఎర్రర్స్ ఆన్‌లో ఉంటే పేజీ మీదే రాస్తుంది. లాగ్ ఎర్రర్స్ ఆన్‌లో ఉంటే సర్వర్‌లోని లాగ్ ఫైల్‌లో రాస్తుంది. జనం చూసే సైట్లకని పీహెచ్‌పీ ఇచ్చే నమూనా సెట్టింగుల ఫైల్‌లో మొదటిది ఆఫ్, రెండోది ఆన్.

అంటే తెల్ల పేజీ వెనక చాలాసార్లు పూర్తి వివరంతో ఒక వాక్యం రాసే ఉంటుంది. అది మనం చూస్తున్న చోట ఉండదు, అంతే. పేజీలో కొంత భాగం అప్పటికే బ్రౌజర్‌కు వెళ్లిపోయాక తప్పు జరిగితే స్టేటస్ కోడ్ మార్చడానికి కూడా వీలుండదు. కోడ్ 200 గానే ఉండిపోతుంది, పేజీ సగంలో తెగిపోతుంది.

ఒక లాగ్ లైన్ దగ్గరగా చూద్దాం. ‘అలౌడ్ మెమరీ సైజ్ ఆఫ్ 134217728 బైట్స్ ఎగ్జాస్టెడ్’ అని మొదలై, ‘ట్రైడ్ టు అలొకేట్ 20480 బైట్స్’ అని చెప్పి, ఒక ప్లగిన్ ఫైల్ పేరుతో, లైన్ నంబరుతో ముగిసిందనుకుందాం. ఆ పెద్ద సంఖ్యను 1024తో రెండుసార్లు భాగిస్తే 128 వస్తుంది. అంటే ఒక పేజీ తయారీకి పీహెచ్‌పీ ఇచ్చిన 128 మెగాబైట్ల మెమరీ పూర్తిగా ఖర్చయింది. పీహెచ్‌పీ డిఫాల్ట్ పరిమితి అదే. చివరిగా అడిగింది 20480 బైట్లు, అంటే 20 కిలోబైట్లు మాత్రమే.

ఇప్పుడు ఆ లైన్‌లో పేరున్న ప్లగిన్ దోషేనా? తప్పనిసరిగా కాదు. ట్యాంకులో నీళ్లు ఎవరు వాడేశారో తెలీదు, కుళాయి తిప్పితే చుక్క రానివాడు మాత్రం దొరికాడు. 20 కిలోబైట్లు అడిగినవాడు 128 మెగాబైట్లు తాగినవాడు కాకపోవచ్చు. డేటాబేస్‌లోని పదివేల వరుసలను ఒక్కసారిగా మెమరీలోకి లాగిన మరో కోడ్ ముందే పని కానిచ్చేసి ఉండొచ్చు. పరిమితిని 256కి పెంచితే సైట్ లేవడం ఖాయమే, కానీ వరుసలు ఇరవై వేలు అయిన రోజున మళ్లీ అదే లైన్ కనిపిస్తుంది. పరిమితి పెంచడం తప్పని కాదు. కొన్ని సైట్లకు 128 నిజంగానే చాలదు. ఏ కారణంగా చాలలేదో తెలియకుండా పెంచితే మాత్రం సమస్యకు వాయిదా దొరుకుతుందే తప్ప జవాబు దొరకదు.

‘నేనేమీ మార్చలేదు’ అన్న మాట నిజమే కావొచ్చు

తెల్ల పేజీ గురించి అడిగినవాళ్లు చెప్పే మొదటి మాట ఇదే. వినేవాళ్లు నమ్మరు. కానీ నమ్మడానికి కారణం ఉంది. సైట్‌లో మనిషి చెయ్యి పడకుండానే మారేవి చాలా ఉంటాయి. వర్డ్‌ప్రెస్ 2013లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి చిన్న అప్‌డేట్లను తనంతట తానే వేసుకుంటోంది. 2020లో వచ్చిన 5.5 నుంచి ప్లగిన్లకు, సైట్ రూపాన్ని నిర్ణయించే థీమ్‌లకు కూడా ఆటోమేటిక్ అప్‌డేట్‌ను డాష్‌బోర్డులోనే ఆన్ చేసుకునే వీలు వచ్చింది. ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయినవాళ్లకు ‘ఉన్నట్టుండి’ అనిపించడంలో వింతేమీ లేదు.

ఇంతకన్నా పెద్ద మార్పు సైట్‌కు సర్వర్ అద్దెకిచ్చే హోస్టింగ్ వాళ్ల వైపు నుంచి వస్తుంది. పీహెచ్‌పీ 7.4కు సెక్యూరిటీ సవరణలు 2022 నవంబర్ 28తో ఆగిపోయాయి. పాత వెర్షన్ ఉంచితే హోస్టింగ్ వాళ్లకు ప్రమాదం, కాబట్టి ఎప్పుడో ఒకరోజు 8కి మారుస్తారు. నోటీసు మెయిల్ పంపి ఉంటారు, అది స్పామ్‌లో పడి ఉంటుంది.

7.4 నుంచి 8కి మారితే సైట్ ఎందుకు తెల్లబోవాలి? ఒక చిన్న ఉదాహరణ. జాబితాలో ఎన్ని అంశాలున్నాయో లెక్కపెట్టే కౌంట్ అనే ఫంక్షన్ ఉంది. జాబితాకు బదులు ఏమీ లేని విలువను, అంటే నల్‌ను, దానికిస్తే 7.4 ఒక హెచ్చరిక రాసుకుని సున్నా అని చెప్పి ముందుకు వెళ్లేది. 8.0 ఆ పని చెయ్యదు. టైప్ ఎర్రర్ అని అక్కడే ఆపేస్తుంది. ఈచ్, క్రియేట్ ఫంక్షన్ అనే రెండు పాత ఫంక్షన్లను 7.2లోనే ‘ఇక వాడొద్దు’ అని ప్రకటించి, 8.0లో పూర్తిగా తీసేశారు. వాటిని పిలిచే పాత థీమ్ ఒక్కటి చాలు, పేజీ మొత్తం ఆగిపోవడానికి.

ఆ హెచ్చరికలు ఏళ్ల తరబడి లాగ్‌లో పడుతూనే ఉంటాయి, లాగ్ రాసుకునే సర్వర్ అయితే. డిస్‌ప్లే ఆఫ్‌లో ఉంది కాబట్టి ఎవరికీ కనిపించలేదు. పేజీ నడుస్తోంది కాబట్టి ఎవరూ తెరిచి చూడలేదు. నా ఉద్దేశంలో తెల్ల పేజీల్లో నిజంగా హఠాత్తుగా వచ్చేవి తక్కువ. హఠాత్తుగా బయటపడేవే ఎక్కువ.

ఇక ప్లగిన్లన్నీ ఆపి చూడమనే సలహా సంగతి. అడ్మిన్ పేజీ కూడా తెరుచుకోనప్పుడు సర్వర్‌లోని ప్లగిన్స్ ఫోల్డర్ పేరు మారుస్తారు. వర్డ్‌ప్రెస్‌కు ఆ ఫైళ్లు దొరకవు కాబట్టి వాటిని వదిలేసి నడుస్తుంది. సైట్ లేచిందంటే దోషి ప్లగిన్లలో ఉన్నట్టు. అక్కడి నుంచి ఒక్కొక్కటే ఆన్ చేస్తూ పోనక్కర్లేదు. 32 ప్లగిన్లుంటే 16 ఆన్ చేస్తే సరి. తెల్ల పేజీ వస్తే దోషి ఆ 16లో ఉంది, రాకపోతే మిగిలిన 16లో ఉంది. తర్వాత 8, 4, 2, 1. ఐదు సార్లలో తేలిపోతుంది. అయితే ఈ లెక్క దోషి ఒక్కటే అయినప్పుడే పనిచేస్తుంది. రెండు ప్లగిన్లు విడివిడిగా బాగుండి, కలిస్తేనే గొడవపడేవైతే సగం చేసినప్పుడు రెండూ చెరో వైపు పడిపోయి ఏ సగంలోనూ తప్పు కనిపించదు. అప్పుడు ఎన్ని సగాలు చేసినా తేలదు, లాగ్ చూడాల్సిందే.

కోడ్ వచ్చింది, పేజీ గీయలేదు

ఇప్పుడు రెండో వైపు. ఈ మధ్య కట్టే చాలా సైట్లలో సర్వర్ పంపే హెచ్‌టీఎంఎల్ దాదాపు ఖాళీ డబ్బానే. రూట్ అని పేరు పెట్టిన ఒక ఖాళీ డివ్ (డబ్బా లాంటి ట్యాగ్), దాని కింద ఒక జావాస్క్రిప్ట్ ఫైల్‌కు లింకు. పేజీలో కనిపించేదంతా ఆ జావాస్క్రిప్ట్ నడిచి నింపాల్సిందే. అది నడవకపోతే ఆ డివ్ ఖాళీగానే ఉంటుంది, సర్వర్ మాత్రం అమాయకంగా 200 చూపిస్తుంది. సైట్ లేచి ఉందా అని ఐదు నిమిషాలకోసారి చూసే మానిటరింగ్ టూల్ కూడా పచ్చగానే ఉంటుంది, ఎందుకంటే అది చాలాసార్లు స్టేటస్ కోడ్ మాత్రమే చూస్తుంది.

ఈ రకంలో ఎక్కువగా గందరగోళం పెట్టేది కొత్త వెర్షన్ ఎక్కించిన తర్వాత కొందరికే తెల్లగా రావడం. ఎలా జరుగుతుందో చూద్దాం. జావాస్క్రిప్ట్ ఫైల్ పేరులో ఆ వెర్షన్‌కు సంబంధించిన గుర్తు ఒకటి ఉంటుంది. నిన్నటిది మెయిన్-4821, ఇవాళ్టిది మెయిన్-7306 అనుకుందాం. కొత్తది ఎక్కించినప్పుడు పాత ఫైల్‌ను తీసేశారు. ఒకరి బ్రౌజర్‌లో నిన్నటి హెచ్‌టీఎంఎల్ కాష్‌లో ఉండిపోయింది. అది 4821ని అడుగుతుంది. ఆ ఫైల్ ఇప్పుడు లేదు.

లేదు కాబట్టి సర్వర్ 404, అంటే ‘దొరకలేదు’, అని చెబితే తప్పు సులభంగా తెలిసేది. కానీ ఇలాంటి సైట్లలో సర్వర్‌కు ఒక నియమం పెట్టి ఉంటారు: ఏ అడ్రస్ అడిగినా, దొరకకపోతే మొదటి హెచ్‌టీఎంఎల్ పేజీనే ఇవ్వు అని. లోపలి పేజీల లింకులు పనిచెయ్యడానికి ఆ నియమం అవసరమే. దాని వల్ల జావాస్క్రిప్ట్ అడిగితే హెచ్‌టీఎంఎల్ వెళ్తుంది, అదీ 200 కోడ్‌తో. బ్రౌజర్ దాన్ని జావాస్క్రిప్ట్ అనుకుని చదవబోతుంది. మొదటి అక్షరమే <. కన్సోల్‌లో ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్ <’ అని ఎర్ర గీత పడుతుంది. ఆ మాట చూసి తమ కోడ్‌లో ఎక్కడో అదనపు < పడిందని వెతికేవాళ్లు ఎంతమందో. కోడ్‌లో తప్పేమీ లేదు, ఒక ఫైల్ బదులు ఇంకొక ఫైల్ వచ్చింది.

పాత హెచ్‌టీఎంఎల్ ఎంతకాలం కాష్‌లో ఉంటుందన్నది కూడా విచిత్రంగానే ఉంటుంది. ఎంతసేపు దాచుకోవాలో సర్వర్ చెప్పకపోతే బ్రౌజర్ తానే అంచనా వేసుకోవచ్చు. ఆ ఫైల్ చివరిసారి మారి ఎంతకాలమైందో చూసి, అందులో 10 శాతం అనేది మామూలుగా వాడే లెక్క. 100 రోజులుగా మారని పేజీ అయితే 10 రోజుల దాకా దాచుకోవచ్చన్నమాట. సైట్ ఎంత నిలకడగా ఉంటే పాతది అంతకాలం అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే జాగ్రత్తపరులు హెచ్‌టీఎంఎల్‌ను ప్రతిసారీ సర్వర్‌ను అడిగి చూసుకునేలా పెట్టి, పాత జావాస్క్రిప్ట్ ఫైళ్లను కొన్ని రోజులు అక్కడే ఉంచుతారు.

ఈ వైపు ఇంకో రెండు కారణాలను తొందరగా చెప్పుకుందాం. సైట్ డేటా వేరే సబ్‌డొమైన్‌లోని ఏపీఐ (డేటా అందించే సర్వీసు) నుంచి వస్తూ ఆ సబ్‌డొమైన్ సర్టిఫికెట్ గడువు తీరిపోతే, మెయిన్ పేజీకి ఏ హెచ్చరికా రాదు, వెనకాల అడిగే డేటా మాత్రం రాదు. ఆ డేటా తప్పకుండా వస్తుందని నమ్మి రాసిన కోడ్ కూలిపోతుంది. రెండోది, హెడ్ భాగంలో పెట్టిన బయటివాళ్ల స్క్రిప్ట్. అసింక్, డిఫర్ లాంటి మాట ఏదీ లేకుండా పెడితే ఆ ఫైల్ వచ్చేదాకా బ్రౌజర్ మిగతా పేజీ చదవడం ఆపుతుంది. వాళ్ల సర్వర్ జవాబివ్వకుండా వేలాడితే మన పేజీ పదుల సెకన్ల పాటు తెల్లగా ఉండి, తర్వాత మామూలుగా వచ్చేస్తుంది. కాసేపాగి వచ్చే తెల్ల పేజీ, ఎంతకీ రాని తెల్ల పేజీ వేరువేరు సంగతులు. ఫిర్యాదు చేసేవాళ్లు ఈ తేడా చెప్పరు. అడగాలి.

మీకు తెల్లగా, నాకు మామూలుగా

‘నా దగ్గర బాగానే వస్తోంది’ అనే డెవలపర్ మాట వింటే ఒళ్లు మండుతుంది కానీ, అది కూడా ఒక ఆధారమే. సర్వర్ ఖాళీ పంపుతుంటే సాధారణంగా అందరికీ ఖాళీయే రావాలి. కొందరికే వస్తోందంటే చూపు కాష్ మీద, బ్రౌజర్ వెర్షన్ మీద, బ్రౌజర్‌కు తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్ల మీద పడాలి.

పాత ఫోన్లలో మాత్రమే తెల్లగా వస్తుంటే కొత్త తరహా జావాస్క్రిప్ట్‌ను అనుమానించాలి. ప్రశ్న గుర్తు, చుక్క కలిపి రాసే ఆప్షనల్ చెయినింగ్ క్రోమ్‌కు అర్థమవడం మొదలైంది 2020 ఫిబ్రవరిలో వచ్చిన 80వ వెర్షన్ నుంచి. అంతకు ముందు బ్రౌజర్ దాన్ని చూస్తే ఆ ఒక్క లైన్ వదిలెయ్యదు, ఫైల్ మొత్తాన్నీ పక్కన పడేస్తుంది. రెండు లక్షల అక్షరాల ఫైల్‌లో రెండే రెండు గుర్తులు, పేజీ అంతా తెల్లన.

ఆటోమేటిక్ అనువాదం ఆన్‌లో ఉన్నవాళ్లకే సైట్ కూలడం కూడా డెవలపర్లకు తెలిసిన గొడవే. క్రోమ్‌లోని అనువాద సదుపాయం పేజీలోని వాక్యాలను తన ఫాంట్ ట్యాగుల్లో చుట్టి పెడుతుంది. పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ అయిన రియాక్ట్ తాను పెట్టిన వాక్యం పెట్టిన చోటే ఉందనుకుని తీసెయ్యబోతుంది. అది అక్కడ ఉండదు. ‘రిమూవ్ చైల్డ్’ విఫలమైందన్న ఎర్రర్‌తో మొత్తం ఆగిపోతుంది. ఈ లోపం కట్టినవాళ్లకు ఎన్నేళ్లయినా కనిపించకపోవచ్చు, ఎందుకంటే తమ భాషలో రాసిన సైట్‌ను వాళ్లు ఎప్పుడూ అనువదించి చూడరు.

శీర్షిక ఉంది, వ్యాసం లేదు

పూర్తి తెలుపు కాకుండా, పైన మెనూ, కింద ఫుటర్ బాగానే ఉండి మధ్యలో రాసింది మాత్రం మాయమయ్యే కేసులు ఉంటాయి. లాగ్‌లో కూడా ఏమీ ఉండదు. తెలుగులో సైట్ నడిపేవాళ్లకు ఇది ఇతరుల కన్నా ఎక్కువగా తగిలే అవకాశం ఉంది, కాబట్టి కాస్త వివరంగా.

అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరం 1 బైటు. తెలుగు లిపిలో ప్రతి గుర్తుకూ 3 బైట్లు. ‘క’కు 3, ‘కి’లో క, గుడి రెండూ ఉన్నాయి కాబట్టి 6. ఇప్పుడు ఒక థీమ్ హోమ్ పేజీలో ప్రతి వ్యాసం నుంచి మొదటి 100 ‘అక్షరాలు’ చూపించాలనుకుని సబ్‌స్ట్రింగ్ అనే పీహెచ్‌పీ ఫంక్షన్ వాడింది. ఆ ఫంక్షన్ లెక్కపెట్టేది బైట్లను. ఖాళీలేమీ లేని తెలుగు ముక్క అనుకుంటే 33 గుర్తులకు 99 బైట్లు. వందో బైటు 34వ గుర్తులో మూడో వంతు. కత్తిరింపు ఆ గుర్తు మధ్యలో పడింది, ఒక విరిగిన ముక్క మిగిలింది.

తర్వాత ఆ ముక్క హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ అనే ఫంక్షన్ గుండా వెళ్తుంది. రాతలో ప్రమాదకరమైన గుర్తులుంటే వాటిని నిరపాయంగా మార్చడం దాని పని. దానికి చెల్లని యూటీఎఫ్-8 ఎదురైతే, ప్రత్యేకంగా చెప్పకపోతే, పీహెచ్‌పీ 8.1కి ముందు వెర్షన్లలో అది మొత్తం వాక్యాన్నే ఖాళీగా తిరిగిచ్చేది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఇంగ్లీషు వ్యాసాలన్నీ కనిపిస్తాయి, తెలుగువి కొన్ని కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. కత్తిరింపు సరిగ్గా గుర్తుల హద్దు మీద పడినవి బతుకుతాయి. ముందు ఒక్క ఖాళీ చేర్చితే కనిపించకపోయిన వ్యాసం కనిపిస్తుంది, దెయ్యం పనిలా. 8.1 నుంచి డిఫాల్ట్ మారింది, విరిగిన చోట ప్రత్యామ్నాయ గుర్తు ఒకటి పెట్టి మిగతాది ఇస్తుంది. బైట్లను కాకుండా గుర్తులను లెక్కపెట్టే ఎంబీ సబ్‌స్ట్రింగ్ వాడితే అసలు విరగదు.

బాగా పొడవైన వ్యాసాలే మాయమవుతుంటే కారణం వేరే ఉండొచ్చు. ప్లగిన్లు రాతలో మార్పులు చెయ్యడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, అంటే వెతకాల్సిన నమూనాలు, వాడతాయి. అవి వెనక్కీ ముందుకీ వెతకడానికి పీహెచ్‌పీ 10 లక్షల పరిమితి పెట్టింది. అది దాటితే, వెతికి మార్చే ప్రెగ్ రీప్లేస్ ఫంక్షన్ నల్ ఇస్తుంది. పిలిచిన కోడ్ దాన్ని చూసుకోకపోతే మీ వ్యాసం స్థానంలో ఆ నల్లే వెళ్లి కూర్చుంటుంది.

కాష్ తీసెయ్యాలా, ఉంచాలా?

కాష్ క్లియర్ చెయ్యమనే సలహాను వెక్కిరించేవాళ్లున్నారు, దానితోనే మొదలుపెట్టమనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. పాత హెచ్‌టీఎంఎల్, లేని జావాస్క్రిప్ట్ కేసులో అది నిజంగానే పనిచేస్తుంది, పది సెకన్లలో. అయితే సైట్ నడిపేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇబ్బంది ఉంది. ఒకరి బ్రౌజర్‌లో కాష్ పోతే ఆ ఒక్కరికే సైట్ వస్తుంది, ఇంకా తెల్లగా చూస్తున్న మిగతావాళ్లు అలాగే ఉంటారు. పైగా ఏ పాత ఫైల్ వల్ల జరిగిందో చెప్పే ఒకే ఒక్క ఆధారం కూడా పోయింది.

ప్రైవేట్ విండోలో తెరిచి చూడడం ఈ రెంటి మధ్య దారి. అక్కడ పాత కాష్ ఉండదు, చాలా ఎక్స్‌టెన్షన్లు నడవవు, లాగిన్ ఉండదు. అక్కడ వస్తే తేడా ఈ మూడింటిలోనే ఉంది, మామూలు విండోలో ఆధారం చెక్కుచెదరకుండా ఉంది.

పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లాలా, ముందు కారణం తేల్చాలా అన్న వాదన కూడా ఇలాంటిదే. డబ్బులు చేతులు మారే సైట్ అయితే ముందు వెనక్కి వెళ్లడమే సబబు, లాగ్ కాపీ తీసుకుని. కానీ కొత్త వెర్షన్ డేటాబేస్ రూపాన్ని కూడా మార్చేసి ఉంటే పాత కోడ్‌కు కొత్త డేటాబేస్ అర్థం కాక, మరో తెల్ల పేజీ రావొచ్చు.

తప్పు జరిగినప్పుడు ఏం చూపించాలి?

ఇంత తలనొప్పి ఉన్నప్పుడు ఎర్రర్‌ను పేజీ మీదే చూపిస్తే పోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. వద్దనేవాళ్ల కారణం బలమైనదే. పీహెచ్‌పీ ఎర్రర్‌లో సర్వర్ ఫోల్డర్ల దారి ఉంటుంది, కొన్నిసార్లు డేటాబేస్ యూజర్ పేరు, నడిపిన క్వెరీ ఉంటాయి. చొరబడాలనుకునేవాడికి అవి పనికొస్తాయి. మామూలు మనిషికి వాటితో పని లేదు. అటు చూపించకుండా, ఇటు ఖాళీగా వదలకుండా ‘ఏదో తప్పు జరిగింది, ఈ నంబరు చెప్పండి’ అని ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, వివరమంతా లాగ్‌లో ఆ సంఖ్య కింద రాసే పద్ధతి ఉంది. మంచి పద్ధతే, ఎవరో కూర్చుని కట్టాలి.

బ్రౌజర్ వైపు వాదన ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2017 సెప్టెంబర్‌లో వచ్చిన రియాక్ట్ 16 నుంచి, పేజీని గీసేటప్పుడు ఏ భాగంలోనైనా పట్టుకోని తప్పు జరిగితే రియాక్ట్ మొత్తం పేజీని తీసేస్తుంది. అంటే తెల్ల పేజీ అక్కడ పొరపాటు కాదు, తెలిసి తీసుకున్న నిర్ణయం. వాళ్ల వాదన ఏంటంటే, పాడైన తెరను అలాగే ఉంచడం అసలు ఏమీ లేకపోవడం కన్నా ప్రమాదం. మెసేజ్‌ల యాప్‌లో తెర పాడైతే ఒకరికి పంపాల్సింది ఇంకొకరికి పోవచ్చు, డబ్బు కట్టే యాప్‌లో కట్టాల్సిన డబ్బు తప్పుగా కనిపించడం కన్నా ఏదీ కనిపించకపోవడమే నయం. భాగాలవారీగా తప్పును పట్టుకుని అక్కడికే పరిమితం చేసే ఎర్రర్ బౌండరీలను అదే వెర్షన్‌లో ఇచ్చారు. పెట్టుకోని సైట్లే తెల్లబోతాయి.

దీనికి ఎదురు వాదన వెబ్ పుట్టుకలోనే ఉంది. హెచ్‌టీఎంఎల్‌లో ట్యాగ్ మూయడం మరిచిపోయినా బ్రౌజర్ సర్దుకుపోతుంది. 2000లో వచ్చిన ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ ఈ ఉదారతను మానిపించాలని చూసింది. ఎక్స్ఎంఎల్ నియమాల ప్రకారం ఒక్క తప్పున్నా చదవడం ఆపెయ్యాలి. ఆ రకంగా పంపిన పేజీలో ఒక్క ట్యాగ్ తేడా వస్తే ఫైర్‌ఫాక్స్ పసుపు పచ్చని ఎర్రర్ పేజీ చూపించేది. రాసినవాళ్ల తప్పుకు చదివేవాళ్లకు శిక్ష ఏమిటని జనం ఒప్పుకోలేదు. తర్వాత వచ్చిన హెచ్‌టీఎంఎల్ 5 తప్పులున్న పేజీని ఎలా సర్దుకోవాలో కూడా నియమాల్లోనే రాసిపెట్టింది. వ్యాసాలు చదివే సైట్‌కు ఈ ఉదారత సరిపోతుంది. డబ్బు కట్టే పేజీకి రియాక్ట్ వాదనే సరైనదని నాకనిపిస్తుంది. రెండింటికీ ఒకే నియమం పెట్టడంలోనే చిక్కు.

వర్డ్‌ప్రెస్ 2019 మేలో 5.2 వెర్షన్‌తో మధ్యేమార్గం ఒకటి తెచ్చింది. ఫేటల్ ఎర్రర్ జరిగితే చూసేవాళ్లకు తీవ్రమైన లోపం ఏర్పడిందని ఒక వాక్యం కనిపిస్తుంది, అడ్మిన్‌కు ఏ ప్లగిన్ వల్ల జరిగిందో చెబుతూ ఒక లింకుతో మెయిల్ వెళ్తుంది. ఆ లింకుతో లోపలికి వెళ్తే రికవరీ మోడ్‌లో తప్పు చేసిన ప్లగిన్‌ను పక్కన పెట్టి డాష్‌బోర్డు తెరుస్తుంది. ఇక్కడొక అపోహ ఉంది. డాష్‌బోర్డు తెరుచుకుంది కదా, సైట్ బాగైందనుకుంటారు. ఆ ప్లగిన్ పక్కకు తప్పుకున్నది ఆ అడ్మిన్ సెషన్‌కు మాత్రమే. బయటి నుంచి వచ్చేవాళ్లకు, దాన్ని నిజంగా ఆపేదాకా, అదే లోపం కనిపిస్తుంటుంది.

ఈ రక్షణ మొదలవడానికి కూడా వర్డ్‌ప్రెస్ కోడ్ కొంత దూరం నడవాలి. అంతకు ముందే చదివే డబ్ల్యూపీ కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్‌లో ఒక సెమీకోలన్ తప్పిపోతే పట్టుకునే కోడ్ ఇంకా లేచి ఉండదు. సైట్ నుంచి మెయిల్ వెళ్లే ఏర్పాటే పాడై ఉంటే ఆ లింకూ రాదు. 5.2 తర్వాత కూడా వర్డ్‌ప్రెస్ సైట్లలో తెల్ల పేజీ కనిపిస్తే ముందుగా చూడాల్సింది ఆ డబ్ల్యూపీ కాన్ఫిగ్ ఫైల్‌నే.